కారుకు తగ్గట్టు జిల్లాని సవరించాలి

లేన్ గీత దాటబోయిన బండిని వెనక్కి లాగే ఏర్పాటు, అంటే లేన్ అసిస్ట్, ఉండాలని ఐరోపా సమాఖ్య చట్టం చేసింది. 2022 జూలైలో కొత్త మోడళ్లతో మొదలుపెట్టి, 2024 జూలై నాటికి కొత్తగా అమ్మే దాదాపు అన్ని కార్లకూ దాన్ని తప్పనిసరి చేసింది. వాళ్లు కార్లను మార్చుకున్నారు. అలాంటి కార్లు ఇప్పుడు మన షోరూముల్లోకీ వచ్చేశాయి గనక, మిగిలిన పని శ్రీకాకుళం జిల్లాని మార్చడమే.

ముందు అద్దానికి లోపల, పైన, చిన్న కెమెరా ఒకటి ఉంటుంది. నల్ల రోడ్డు మీద తెల్లగీత ఎక్కడుందో వెతకడమే దాని ఉద్యోగం. గీత దొరికితే బండి దానికి ఎంత దూరంలో ఉందో, ఎటు ఒరుగుతోందో లెక్కగడుతుంది. అటు జరుగుతుంటే కూత పెడుతుంది, లేదా స్టీరింగ్‌ని వణికిస్తుంది. అప్పటికీ వినకపోతే స్టీరింగ్ మోటారు చేత మెల్లగా వెనక్కి లాగిస్తుంది. చాలా కార్లలో ఇదంతా సుమారు గంటకు 60 కిలోమీటర్లు దాటాకే. అందుకే శ్రీకాకుళం ఏడురోడ్ల జంక్షన్‌లో అది నోరు మెదపదు. అక్కడ 60 అందుకున్న మొనగాడు ఇంకా పుట్టలేదు.

పదహారో నంబరు జాతీయ రహదారి మీద దానికి హాయి. గీతల రంగులో కలిపిన గాజుపూసలు రాత్రి హెడ్‌లైటు పడగానే మెరుస్తాయి. ఇచ్ఛాపురం నుంచి తెల్లవారుజామున వస్తూ కునుకు పట్టినవాణ్ణి ఆ వణుకు లేపిందంటే పెట్టిన డబ్బులు వచ్చేసినట్టే. ఈ మాట వెటకారంగా అనడం లేదు.

చిక్కంతా హైవే దిగాకే. కోతలయ్యాక ఊళ్లలో సగం రోడ్డు కళ్లమే. ధాన్యం ఆరబోసి చుట్టూ రాళ్లు పేరుస్తారు. నడిమి గీత ఒక్కటీ బాగుండి, మీరు ఇండికేటర్ వెయ్యకుండా ధాన్యాన్ని తప్పించబోయారనుకోండి, కారు మిమ్మల్ని మళ్లీ ధాన్యంలోకే లాగుతుంది. దానికి అప్పజెప్పింది గీత కాపలా, గింజల కాపలా కాదు. ఇండికేటర్ వేస్తే మాత్రం తెలిసే వెళ్తున్నారనుకుని ఊరుకుంటుంది. పెళ్లి ఊరేగింపులో తప్ప ఇండికేటర్ వెలిగించని జిల్లాకి ఇంత కఠిన శిక్షణ ఇంకెవరిస్తారు?

గేదె దాని లెక్కలో లేదు. అడ్డొచ్చినదాన్ని చూసి బ్రేకు వేసే ఏర్పాటు వేరే. రాంగ్‌రూట్లో ఎదురొచ్చే మోటారు సైకిలు గీతల మధ్యనే వస్తుంది గనక లేన్ అసిస్ట్‌కి దాని మీద ఫిర్యాదే లేదు. వాన జోరందుకున్నా, సాయంత్రపు ఎండ సూటిగా కెమెరా కళ్లలో పడ్డా గీత చెరిగినట్టే. కొత్త తారు పోసి గీతలు వెయ్యడం మరిచిపోయిన రోడ్డు గురించి చెప్పనే అక్కర్లేదు. పగుళ్లకి పూసిన తారు చార తడిసి మెరిస్తే అదే గీత అనుకునే ప్రమాదమూ ఉంది.

షోరూములో "లెవెల్ టూ అండీ" అని పట్టా చేతికిచ్చినంత గౌరవంగా చెబుతారు. కారు తనంతట తాను ఎంతవరకు నడవగలదో చెప్పే, సున్నా నుంచి అయిదు దాకా ఉన్న మెట్లలో అది కింది నుంచి మూడోది. స్టీరింగూ వేగమూ కారు చూసుకుంటున్నా బాధ్యత మొత్తం డ్రైవరుదే. అందుకే చేతులు తీస్తే గోల పెడుతుంది. ఆ గోల ఆపడానికి స్టీరింగ్‌కి నీళ్ల సీసా కట్టే మేధావులున్నారు. ఆ సీసాలకి ఎల్లెల్లార్ ఇప్పించి పరీక్ష పెట్టాలని రవాణా శాఖకి నా మొదటి విన్నపం.

రైతులు రాళ్లకి సున్నం కొట్టి, వంకర లేకుండా ఊరి చివరిదాకా పేర్చాలి. కెమెరా వాటినే గీతలనుకుని సంతోషిస్తుంది. గేదెలు రోడ్డు దాటేటప్పుడు కుడివైపు ఇండికేటర్ వాడాలి. వాన హైవే మీద మాత్రమే కురవాలి, అదీ 60 లోపు వేగంతో.

కారు వైపు నుంచి కోరేది ఒక్కటే. గీత కనబడనప్పుడు చాలా కార్లు డ్యాష్‌బోర్డు మీది పచ్చ బొమ్మని బూడిద రంగు చేసి చప్పుడు లేకుండా తప్పుకుంటాయి. మనం మాత్రం అదింకా పనిలోనే ఉందనుకుంటాం. ఆ మర్యాద మనకొద్దు. తప్పుకునే ముందు, వెనక సీట్లో నిద్రపోయే మావయ్య కూడా ఉలిక్కిపడేట్టు, మన యాసలో గట్టిగా అరవాలి: "బాబూ, నాకేటీ అవపడ్నేదు, ఇక నువ్వే సూసుకో!"