ఆ మేడ ముందు ఫొటోషూట్ వద్దమ్మా

మా పిన్ని కూతురికి పెళ్లి కుదిరింది. అబ్బాయిది అమెరికాలో, వర్జీనియాలోనే రిచ్‌మండ్. ప్రీ వెడ్డింగ్ షూట్‌కి జేమ్స్ నది ఒడ్డున ఒక పాత ప్లాంటేషన్ (బానిసలతో సాగు చేయించిన ఎస్టేటు) బంగళా చూశామని ఫ్యామిలీ గ్రూపులో ఫొటోలు పెట్టింది. ఎర్ర ఇటుకల మేడ, ముందు పచ్చిక, నది దాకా పెద్ద పెద్ద చెట్లు. "రాయల్ లుక్ అన్నయ్యా!" అంది. అందరూ హార్టులు కొట్టారు. నేను మాత్రం ఇలా పొడుగు పోస్టు రాస్తున్నాను. తిట్టుకుంటే తిట్టుకోండి.

ఆ నది వెంట వెళ్లే రూట్ 5 రోడ్డు మీద అలాంటి మేడలు నేనూ తిరిగాను. గైడు మొదట ఎత్తుకునేది చుట్టరికాలే. 'కింగ్' కార్టర్ అనే పెద్దాయన 1732లో పోయేనాటికి ఆయనకు సుమారు 3 లక్షల ఎకరాలు. కొడుకు జాన్‌కి 1723లో షెర్లీ ఎస్టేటు వారసురాలు ఎలిజబెత్ హిల్‌తో పెళ్లి, దాంతో షెర్లీ కార్టర్ల చేతికి. జాన్ చెల్లెలు ఆన్, బర్క్‌లీ అనే మేడలో ఉన్న హారిసన్ల కోడలు. జాన్ కూతురేమో వెస్టోవర్ అనే మేడలో ఉన్న బర్డ్ గారింటి కోడలు. మేనత్త ఒక మేడలో, మేనకోడలు ఆ పక్క మేడలో. ఇదంతా ఎందుకో మనవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. మేనరికం ఎందుకు చేశారని ఏ పెదనాన్నని అడిగినా ఒకటే మాట, పొలం బయటికి పోకూడదని. బర్క్‌లీలో ఒక పక్క తలుపు పైన 1726 అని, మొగుడూ పెళ్లాల పేర్ల మొదటి అక్షరాలతో ఒక రాయి ఉంటుంది. అందరూ దాని ఫొటో తీస్తారు. నేనూ తీశాను, అబద్ధమెందుకు.

కానీ పెళ్లితో పొలం ఒక్కటే వచ్చేది కాదు. మన దగ్గర సారెలో బిందెలూ చీరలూ వెళ్లినట్టు అక్కడ మనుషులు వెళ్లేవాళ్లు. తర్వాత అమెరికా అధ్యక్షుడైన జెఫర్సన్ మామగారు జాన్ వేల్స్ 1773లో పోతే భార్య వాటాగా జెఫర్సన్‌కి 135 మంది బానిసలు వచ్చారు. అందులో అప్పటికి చంటిపిల్లగా ఉన్న శాలీ హెమింగ్స్ ఒకతి. ఆమె ఆ మామగారి కూతురేనని చరిత్రకారులు ఒప్పుకునే మాట. అంటే జెఫర్సన్‌కి వరసకి మరదలు. భార్య పోయాక శాలీకి పుట్టిన పిల్లలు జెఫర్సన్ పిల్లలేనని మాంటిసెల్లో మ్యూజియం వాళ్లే ఇప్పుడు చెప్తున్నారు. ఇలాంటి పిల్లల్ని ఏమనాలో వర్జీనియా 1662లోనే చట్టం చేసి పెట్టుకుంది: తల్లి బానిసైతే బిడ్డా బానిసే, తండ్రి ఎవరైనా సరే. ఆ తండ్రికి సొంత బిడ్డ ఆస్తి జాబితాలో ఒక పేరు!

పోయినేడాది అమ్మ వచ్చినప్పుడు ఆర్లింగ్టన్ సైనికుల శ్మశానవాటిక చూపించడానికి తీసుకెళ్లాను. కొండమీద లావుపాటి స్తంభాలతో ఒక ఇల్లు. జార్జ్ వాషింగ్టన్ భార్య మార్తా మనవడు కస్టిస్ కట్టించింది, చుట్టూ 1100 ఎకరాలు. ఆయన కూతురు మేరీకి 1831లో ఆ ఇంటి హాల్లోనే రాబర్ట్ లీతో పెళ్లి, తర్వాత అంతర్యుద్ధంలో దక్షిణాది సైన్యాన్ని నడిపిన లీ. దూరపు చుట్టాలే, లీ తల్లి షెర్లీ కార్టర్ల ఆడపడుచు. ఆ పెళ్లికి పదేళ్ల ముందు, అదే హాల్లో, ఆ ఇంట్లో బానిసగా ఉన్న మరియా కార్టర్‌కి చార్లెస్ సైఫాక్స్ అనే అతనితో పెళ్లి జరిగింది. మరియా కూడా కస్టిస్ కూతురే. తల్లి మాత్రం ఆ ఇంటి బానిస.

నేను చెప్తుంటే అమ్మ చెప్పుల్లోంచి పాదం తీసి నొక్కుకుంటూ వింది. విని ఒకటే అడిగింది.

"మరి ఆ పిల్లకేం ఇచ్చాడ్రా?"

"పదిహేడెకరాలు. స్వేచ్ఛ కూడా."

"కాగితం రాశాడా?"

రాయలేదు. అమ్మ సరిగ్గా ఎక్కడ పట్టుకోవాలో అక్కడే పట్టుకుంది. అంతర్యుద్ధంలో ఎస్టేటు ప్రభుత్వం చేతికి పోయినప్పుడు ఆ కాగితం లేకే మరియా 17 ఎకరాలూ పోయాయి. 1866లో కాంగ్రెస్ ప్రత్యేకంగా చట్టం చేస్తేగానీ తిరిగి రాలేదు. లీ కొడుకు సంగతి వేరు. సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1882లో కేసు గెలిచాడు, ఆ మరుసటి ఏడాది 1,50,000 డాలర్లు పుచ్చుకుని ఎస్టేటు ప్రభుత్వానికే అమ్మాడు.

"మన దివాణాల్లో మాత్రం ఇలాంటి పిల్లలు లేరా ఏం?" అంది అమ్మ, లేస్తూ. ఇంకేం మాట్లాడలేదు.

ఆ ఇళ్లు కూల్చేయమనట్లేదు. వెళ్లండి, టికెట్టు కొనండి, వెనకున్న బానిసల గదులు కూడా చూడండి. నా బాధంతా పెళ్లి ఫొటోలతోనే. ప్లాంటేషన్ పెళ్లిళ్లను అందంగా చూపించే ప్రచారం తగ్గిస్తామని 2019లో పింటరెస్ట్ లాంటి కంపెనీయే చెప్పింది. మనకేమో ఇంకా అది రాయల్ లుక్కే. "ఫలక్‌నుమాలో పెళ్లిళ్లు జరగట్లేదా?" అని ఒక బావగారు అప్పుడే మెసేజ్ పెట్టారు. జరుగుతున్నాయి బావగారూ, దానికి వేరే పోస్టు రాస్తా, అప్పుడూ మీరే ముందు రండి.

చెల్లికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. చివరికి, "అడ్వాన్స్ ఇచ్చేశాం అన్నయ్యా, వెనక్కి రాదట" అంది. ఆ డబ్బులు నేనిస్తానన్నాను. అబ్బాయిని అడిగి చెప్తానంది. మూడు రోజులైంది.