సవరణ: ఇంజెక్షన్ బండిలో ఆ స్క్రూను తిప్పవద్దు

ఇంజను వేడెక్కాక నల్లగొండ క్లాక్‌టవర్ సెంటర్‌లో క్లచ్ పట్టగానే నా బండి ఆగిపోతున్నదని, థ్రాటిల్ బాడీ (ఇంజనులోకి గాలిని వదిలే భాగం) మీది స్క్రూను ముప్పావు చుట్టు బిగిస్తే కుదురుకున్నదని, అసలు దోషం బంకులో పోసిన పెట్రోలుదేనని కిందటి నెల రాశాను. స్క్రూ సలహా తప్పు. పెట్రోలు మాటకైతే నా దగ్గర ఆధారమే లేదు, దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను.

కార్బురేటర్ బండికి ఆ స్క్రూ తిప్పడం న్యాయమే, నా చేతికి అలవాటైనదీ అదే. కానీ పెట్రోలును ఎలక్ట్రానిక్ పద్ధతిలో చిమ్మే నా ఇంజెక్షన్ బండిలో థ్రాటిల్ మూసి ఉన్నప్పుడు ఇంజనుకు కావలసిన గాలి పక్కనున్న సన్నని దారిగుండా వెళుతుంది. ఎంత వెళ్ళాలన్నది ఈసీయూ (ఇంజనును నియంత్రించే చిన్న కంప్యూటర్) ఒక చిన్న వాల్వు ద్వారా నిర్ణయిస్తుంది. స్క్రూ బిగిస్తే థ్రాటిల్ పూర్తిగా మూసుకోక, అది ఎంత తెరిచి ఉందో కొలిచే పొజిషన్ సెన్సర్ చూపే విలువ మారి, మనం చేయి తీసినా ఇంకా యాక్సిలరేటర్ ఇస్తున్నామని ఈసీయూ పొరబడే అవకాశముంది. నాలుగు రోజులు బాగానే నడిచి, తర్వాత ఐడ్లింగ్ (యాక్సిలరేటర్ ఇవ్వనప్పటి ఇంజను వేగం) నిమిషానికి 1,400 నుంచి 2,200 చుట్ల దాకా ఊగడం మొదలైంది.

వాల్వు విప్పి చూస్తే దాని మొన మీద కాటుకలా మసి పేరుకొని ఉంది. క్లీనర్ కొట్టి మెత్తటి గుడ్డతో తుడిచాను. స్క్రూ తల మీద కంపెనీవారు పెట్టిన పసుపు రంగు చుక్క చిట్లి మిగిలి ఉండబట్టి సరిపోయింది, లేకపోతే పాత స్థానం దొరికేది కాదు. ఇప్పుడు సిగ్నళ్ల దగ్గర బండి ఆగడం లేదు.

నా మాట విని స్క్రూ తిప్పినవారు దాన్ని యథాస్థానానికి తెచ్చి, సెన్సర్ విలువను స్కానర్‌తో చూపించుకోగలరు.