శ్రీమతి చీపురుకట్ట గారి సముఖానికి

మహాలక్ష్మీ సమానురాలైన చీపురుకట్ట గారికి,

హైదరాబాదులోని మా కాలనీ పార్కు ఈశాన్య మూల నుంచి నమస్కరించి వ్రాయునది. మీరు క్షేమమేనని నిన్న తెల్లవారుజామునే తెలిసింది. క్షేమంగా లేనిది మేమే.

మీమీద గౌరవం లేక రాస్తున్న ఉత్తరం కాదిది. కాలు తగిలితే మిమ్మల్ని కళ్ళకద్దుకునే ఇంట్లో పుట్టినవాణ్ణి. దీపాలు పెట్టే వేళ మిమ్మల్ని ముట్టుకోను. గోడకు నిలబెట్టను. ఎంత అరిగిపోయినా శుక్రవారం పూట గడప దాటించను. ఇంత మర్యాదకు మీరేం చేశారు? ఓపెన్ జిమ్ ప్రారంభించడానికి ఎవరో పెద్దాయన వస్తున్నాడని, మేం జానెడు మందాన పరిచిన ఆకులన్నీ ఒక్క పూటలో ఊడ్చి, కుప్ప చేసి, మీ ఆప్తమిత్రుడు అగ్గిపెట్టె గారికి అప్పగించారు. పెద్దాయన రాలేదు. ట్రాఫిక్‌లో ఇరుక్కున్నారట. పొగ మాత్రం టైముకే వచ్చింది.

ఇదేం పనని అసోసియేషన్ వాళ్ళను అడిగితే, "ఈశాన్యంలో చెత్త ఉండకూడదండీ, వాస్తు" అన్నారు. అదే ఈశాన్యంలో కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. ఆగ్నేయానికి వెళ్ళిపొమ్మని దానికెవరూ నోటీసివ్వలేదు.

ఆ మూల సంగతి మీకు తెలియదు. ఊడవడానికి అక్కడ ఆకే లేని రోజుల్లో మీరు అటు రాలేదు కదా. గుంటన్నర నేల. అపార్ట్‌మెంట్లు కట్టగా మిగిలిన కంకర, సిమెంటు పెళ్ళలు తెచ్చి పారబోసిన చోటు. గడ్డి కూడా మొలవడానికి మొహమాటపడేది. పొలాలు కొనే స్తోమత లేని మేం కొందరం, నేలనీ నీటినీ కాపాడుకుంటూ, అడవి పెరిగే తీరులో పంట పెంచే ఆ పర్మాకల్చర్ ఏదో ఇక్కడే నేర్చుకుందామనుకున్నాం. మూడు కర్రలు, ఒక తాడు, ఒక రాయి కలిపి ఎ-ఫ్రేమ్ చేసి మట్టం చూశాం. వాలుకు అడ్డంగా కందకం తవ్వి, గట్టు మీద మునగ, కరివేపాకు, కంది పెట్టాం. నీడపట్టున పసుపు. ఒక గొయ్యి తీసి చుట్టూ అరటి పిలకలు నాటితే, వంటింటి తొక్కలన్నీ ఆ గోతిలోకే. ఇంటింటికీ వచ్చిపడే డెలివరీ అట్టపెట్టెల టేపులు పీకి నేలమీద పరిచాం. వాటిమీద ఆకులు. కానుగ, వేప, రావి, బాదం. చెట్లు ఆకు రాల్చే కాలమంతా గోనెసంచులు భుజాన వేసుకుని వీధివీధీ తిరిగాం. "బాగా చదువుకున్నవాళ్ళు, వీళ్ళకిదేం ఖర్మ" అని బాల్కనీల్లోంచి జాలిపడ్డవాళ్ళూ ఉన్నారు.

ఆ ఆకుల కింద ఏముందో ఎప్పుడైనా చూశారా? వంగే ఉద్యోగమే కదా మీది, ఒక్క క్షణం ఆగితే కనపడేది. తెల్లటి బూజు దారాలు అట్టల్ని పట్టుకుని అల్లుకుపోయాయి. రోకలిబండ పురుగులు చుట్ట చుట్టుకుని పడుకునేవి. గునపానికి లొంగని చోట వేలు దిగేది. మొదటి వానపాము కనపడిన రోజు పిల్లలు చేసిన గోలకు, పామనుకుని వాచ్‌మన్ కర్ర పట్టుకొచ్చాడు.

నీళ్ళ సంగతి చెప్తాను. చదరపు మీటరు నేలమీద ఒక మిల్లీమీటరు వాన పడితే లీటరు నీళ్ళు. మా గుంటన్నర సుమారు 150 చదరపు మీటర్లు. 50 మిల్లీమీటర్ల వాన ఒక్కటి కొడితే 7,500 లీటర్లు. అంటే వేసవిలో బతిమాలి తెప్పించుకునే 5,000 లీటర్ల ట్యాంకర్లు ఒకటిన్నర. ఆకులుంటే చినుకు వాటిమీద పడి, నెమ్మదిగా జారి మట్టిలోకి దిగుతుంది. లేకపోతే చినుకు దెబ్బకు మట్టి చెదిరి, సందులన్నీ పూడి, పైన పెచ్చు కడుతుంది. ఇక నీళ్ళన్నీ ఎర్రగా రోడ్డుమీదికే. ఆ రాత్రి "సెల్లార్‌లో నీళ్ళు, ఎవరైనా స్పందించండి" అని వాట్సాప్ గ్రూపులో మొత్తుకునేది ఎవరనుకుంటున్నారు? ఈశాన్యం శుభ్రంగా ఉండాలన్నవాళ్ళే.

పోనీ, ఊడ్చింది ఎప్పుడు? రోహిణి కార్తెలో! రోళ్ళు పగిలే ఎండలో! మాఘంలో ఊడ్చి ఉంటే మళ్ళీ ఏరుకొచ్చుకునేవాళ్ళం. మృగశిర ముంగిట ఇప్పుడు ఏ చెట్టు మాకోసం అంత ఆకు రాలుస్తుంది? నేలకు నీడ కావాల్సిన రోజుల్లోనే దాని ఒంటిమీది గుడ్డ లాగేశావు. అవును, నువ్వే. ఇక మీరూ గారూ నావల్ల కాదు. ఊడిస్తే ఊడ్చావు, ఒక మూలకు నెట్టి వదిలేస్తే నీ సొమ్మేం పోయింది? కాలిస్తే ఆకులోని కార్బన్, నత్రజని పొగలో కలిసిపోతాయి. ఆ పొగకు పక్కింటి పెద్దావిడ ఇన్‌హేలర్ పట్టుకుని కూర్చుంది. మిగిలిన బూడిదలో కాస్త పొటాష్ ఉంటుంది, అదీ తొలకరికి కాలువ పాలు. బూజు, రోకలిబండలు, మా వానపాము... వాటి పేరు ఎత్తే ఓపిక కూడా నాకు లేదు.

అదే సాయంత్రం పార్కు గేటు దగ్గర ఆటో ఆగింది. లాన్‌కు వేయడానికి వర్మీకంపోస్టు, అదే వానపాముల ఎరువు బస్తాలు, మా మెయింటెనెన్స్ డబ్బులతో. దీన్ని దేనితో చేస్తారండీ అని అడిగాను. "కంపెనీవాళ్ళు చేస్తారు" అన్నారు.

ఇదంతా నా చాదస్తం అనుకునేవు. ఊడ్చిన ఆకుల్ని తగలబెట్టకూడదని, పార్కు ఆకులూ కొమ్మలూ వీలైనంతవరకు పార్కులోనే ఎరువు చేయాలని 2016 నాటి ఘనవ్యర్థాల నియమాల్లోనే రాశారు. ఆరుబయట చెత్త కాలిస్తే 5,000 రూపాయల జరిమానా అని అదే ఏడాది జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పింది. నీకు చదువు రాదు, ఒప్పుకుంటాను. నీ పైవాళ్ళకు వచ్చు.

నీ ఒక్కదాన్నే అంటే పాపం. చెట్టు మొదట్లో చుక్క నీరు దిగకుండా గొంతుదాకా సిమెంటు పోసినవాళ్ళున్నారు. ఊరంతా కోనోకార్పస్ మొక్కలు నాటించి, తర్వాత అది వద్దన్నవాళ్ళున్నారు. నేలతల్లి మీద వీకెండ్ వర్క్‌షాపు పెట్టి థర్మోకోల్ ప్లేట్లలో బిర్యానీ వడ్డించినవాళ్ళున్నారు, సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. ఒకే మొక్కను ఐదుగురు కలిసి పట్టుకుని ఫొటో దిగేవాళ్ళ సంగతి నీకు తెలిసిందే, ఆ ఫొటోల్లో నువ్వూ ఉంటావు.

నిన్ను పట్టుకున్న అమ్మమీద మాత్రం నాకు కోపం లేదు. అడిగితే, "ఆకు కనవడితే సూపర్‌వైజర్ సారు తిడతడు, నేనేం జెయ్యాలె సారూ" అన్నది. వాళ్ళది జహీరాబాద్ దిక్కట. "మా చేన్ల ఆకు రాలితే ఆడనే కలియదున్నుతుంటిమి" అని తనే చెప్పింది. ఆ మాట విన్నాక నాకు ఇంకా మండింది. పర్మాకల్చర్ అనే పేరుతో 1978లో పుస్తకం రాసింది ఆస్ట్రేలియాలో మొల్లిసన్, హోమ్‌గ్రెన్ అయితే కావచ్చు. కానీ 2017లో అంతర్జాతీయ పర్మాకల్చర్ సమావేశానికి దేశదేశాలవాళ్ళు వచ్చింది హైదరాబాద్‌కు, ఆ తర్వాత జహీరాబాద్ దగ్గర బిడకన్నెకు. పర్మాకల్చర్ నేర్పే నర్సన్న కొప్పుల లాంటివాళ్ళు మెట్టనేలలో ఏళ్ళ తరబడి చేసి చూపించిందే అక్కడ చూశారు: నేలను ఎండకు వదిలేయకు, వాననీటిని పరుగెత్తనీయకు, ఏదీ పారేయకు. విమానాలెక్కి వచ్చినవాళ్ళు నేర్చుకుని పోయారు. అదే గడ్డన పుట్టి, ఆ పని చేతుల్లోనే ఉన్న మనిషికి మనం నిన్ను అప్పగించి, ఆకు కనపడితే జీతం కోస్తామని బెదిరిస్తున్నాం. మాకు కందకం తవ్వడం నేర్పాల్సింది ఆమె. నేను యూట్యూబ్ చూసి నేర్చుకున్నాను.

నీమీదైనా ఎంతసేపని కోప్పడను? నువ్వూ ఒకప్పుడు కొబ్బరి మట్టకు ఊగిన ఆకువే. పచ్చదనం చీల్చేస్తే మిగిలిన ఈనెల కట్టవు. ఎవరు ఎటు తిప్పితే అటు తిరుగుతావు. పొద్దున్నే వాకిట్లో నీ చప్పుడు వినపడకపోతే ఇల్లు లేచినట్టే ఉండదు, ఆ మాటా నిజమే. నువ్వు ఊడ్చిన వాకిలిలో ముగ్గు వేస్తే వచ్చే అందం ఏ టైల్సుకూ రాదు. కాకపోతే పార్కు వాకిలి కాదు, అది నీకెవరూ చెప్పలేదు.

అందుకని ఒక ఒప్పందానికి వద్దాం. సిమెంటు బాట నీది. మెట్లు నీవి. ఓపెన్ జిమ్ కూడా నీదే, దాని మీద ఎలాగూ బట్టలారేస్తారు. కందకం గట్టు దాకా వచ్చి ఆగిపో. బాటమీద రాలినవి కావాలంటే మా వైపు నెట్టు, ఊడ్చే అమ్మకు పని తగ్గుతుంది, మాకు సంచి బరువు తగ్గుతుంది. సూపర్‌వైజర్ సారుకు ఆ 2016 నియమాల కాగితం తెలుగులో రాసి ఇస్తున్నాం. అసోసియేషన్ నోటీసు బోర్డుకు ఒక కాపీ, ట్రాన్స్‌ఫార్మర్ పక్కనే అతికిస్తాం.

ఆకులు దొరికే కాలం కాదు కాబట్టి, ఈ వారం చెరుకురసం బండ్ల దగ్గర పిప్పి అడిగి తెచ్చి పరుస్తున్నాం. ఎండిన పిప్పిని చూస్తే నీకు చేతులు దురదపెడతాయని తెలుసు. దాని జోలికి వచ్చావో, కట్టు విప్పి నీ ఈనెలన్నీ చిక్కుడు పాదుకు ఊతంగా గుచ్చేస్తాను.

ఇట్లు,
గోనెసంచి భుజాన వేసుకుని తిరిగేవాడు