డిష్‌లో పెరగనివాటి సంగతి?

తోట పురుగుల్లోని బాక్టీరియాను ల్యాబ్ డిష్‌లో పెంచి చూస్తే చాలు, అన్నీ తెలిసిపోతాయని ఒకరు రాశారు. నేను ఒప్పుకోను. నిమ్మజాతి మొక్కల రసం పీల్చే పిండినల్లి అనే పురుగునే తీసుకోండి. దాని ఒంట్లో ట్రెంబ్లాయా అనే బాక్టీరియా, ఆ బాక్టీరియా లోపల మోరనెల్లా అనే ఇంకొకటి! ప్రొటీన్లకు కావలసిన, చెట్టు రసంలో చాలని అమైనో ఆమ్లాలను పిండినల్లికి తయారుచేసి పెట్టేది ఇవే. బయట డిష్‌లో పెరగవు, ఏ బాక్టీరియానో గుర్తుపట్టడానికి వాడే 16ఎస్ అనే జన్యువును చదివితే బయటపడతాయి. మాది గుణుపురం దగ్గర జామ తోట. తొడిమ దగ్గర దూదిలా పట్టిన పిండినల్లి మీద మందు కొడితే, నీళ్లు తామరాకు మీద బొట్టులా జారిపోతాయి. మైనం పూత అలాంటిది మరి. పైనుంచి కొట్టి కొట్టి విసిగిపోయాం. లోపలున్న ఈ తోడు బాక్టీరియాను దెబ్బతీసే దారి వెతకాలంటే ముందు అదేదో సరిగ్గా గుర్తించాలి కదా.