పసికందు కడుపులో అడ్డు: కీహోల్ కన్నా ముందు క్లోరైడ్ చూడండి

పుట్టిన మూడో వారం నుంచి ఆరో వారం లోపు, తాగిన పాలన్నీ దూరంగా చిమ్మేలా కక్కేసి, వెంటనే మళ్లీ పాలకోసం ఏడ్చే బిడ్డ. వాంతిలో పసరు ఉండదు. అల్ట్రాసౌండ్‌లో పైలోరస్, అంటే కడుపు చిన్నపేగులోకి తెరుచుకునే దారి, దాని కండరం 3 మిల్లీమీటర్లు దాటి మందంగా కనిపిస్తుంది. ఆ దారి ఇరుకైపోయిన పైలోరిక్ స్టెనోసిస్ అని తేలగానే తల్లిదండ్రులు అడిగేది ఒకటే: కీహోలా (చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చేసేది), కోతా? ఆసుపత్రుల ప్రకటనలు నేర్పిన ప్రశ్న ఇది. ఈ ఆపరేషన్‌లో ఆ తేడా చాలా చిన్నది.

ఎటునుంచి వెళ్లినా లోపల జరిగేది 1912లో జర్మన్ సర్జన్ రామ్‌స్టెట్ ప్రచురించిన పనే. పైలోరస్ పైపొరను నిలువునా కోసి, గట్టిపడ్డ కండరాన్ని మ్యూకోసా (లోపలి పొర) పైకి ఉబికేదాకా విడదీయాలి. చిన్నపేగు వైపు రెండు మిల్లీమీటర్ల ముందే కత్తి ఆగాలి, దాటితే చిల్లు పడుతుంది. కడుపు వైపు కోత చాలకపోతే వాంతులు ఆగవు, మళ్లీ ఆపరేషనే. బొడ్డు పైముడత దగ్గర కోసి పైలోరస్‌ను బయటికి తెస్తే, విడిపోయిన రెండు అంచులనూ వేళ్లతో కదిపి చూసుకోవచ్చు. కెమెరాలో ఆ స్పర్శ దొరకదు. చివర్లో ముక్కులోంచి కడుపులోకి వేసిన గొట్టంలోంచి గాలి ఎక్కించి, చిల్లు పడి బుడగలు వస్తున్నాయేమో చూడటం మాత్రం ఎక్కడా మానకూడదు. గమనించకుండా వదిలేసిన చిల్లు ప్రాణం తీస్తుంది.

కీహోల్‌ను సమర్థించేవారి దగ్గర గట్టి ఆధారమే ఉంది. 180 మంది పసిపిల్లలతో జరిగి 2009లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన పరీక్షలో, పూర్తి పాలు పట్టడానికి కీహోల్ పిల్లలకు 18.5 గంటలు, కోత పిల్లలకు 23.9 గంటలు పట్టింది. అంటే ఐదు గంటల లాభం. చేయి తిరిగిన సర్జన్ ఉన్నచోట ఆ లాభం తీసుకోండి. కానీ పలు పరీక్షల్లోని 720 మంది పిల్లల వివరాలు కలిపి చూసిన 2021 కాక్రేన్ సంస్థ సమీక్ష, కండరం పూర్తిగా తెగకపోవడం కీహోల్‌లో కాస్త ఎక్కువ కావచ్చంది. ఆధారం బలహీనమేనని కూడా అదే చెప్పింది. ఐదు గంటల కోసం రెండో ఆపరేషన్ ముప్పును నెత్తికెత్తుకోవడం నాకు సమ్మతం కాదు.

అసలు ప్రమాదం థియేటర్‌కు ముందే ఉంటుంది. వాంతులతో కడుపులోని ఆమ్లం పోయి రక్తంలో క్లోరైడ్, పొటాషియం అనే లవణాలు పడిపోతాయి, రక్తంలో క్షారం పెరుగుతుంది. ఆ స్థితిలో మత్తిస్తే తర్వాత బిడ్డ ఊపిరి ఆగిపోవచ్చు. అందుకే ఇది పరుగున చేసే ఆపరేషన్ కాదు. నీరసించిన బిడ్డకు కిలోకు 20 మిల్లీలీటర్ల చొప్పున నార్మల్ సెలైన్, అంటే మూడున్నర కిలోలకు 70 మిల్లీలీటర్లు. తర్వాత డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్) కలిపిన సెలైన్. మూత్రం వచ్చాకే పొటాషియం. లీటరు రక్తానికి మిల్లీమోల్స్ లెక్కన క్లోరైడ్ 100 దాటాలి, క్షారాన్ని చూపే బైకార్బొనేట్ 30 లోపుకు దిగాలి. ఒకటి రెండు రోజులు పట్టినా ఆగాల్సిందే. మత్తిచ్చే ముందు గొట్టంతో కడుపు ఖాళీ చేయకపోతే మిగిలిన పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

ఇందులో దేనికీ ఖరీదైన కెమెరా అక్కర్లేదు. మన ఆరోగ్య వ్యవస్థ జబ్బే ఇది: యంత్రం కొంటాం, దాన్ని నడిపే మనిషిని నియమించం. పసిపిల్లలకు మత్తివ్వగల డాక్టర్, అర్ధరాత్రి ఎలక్ట్రోలైట్ (రక్తంలోని లవణాల) రిపోర్టు ఇచ్చే ల్యాబ్ జిల్లా ఆసుపత్రిలో లేకపోతే, ఎండిపోయిన బిడ్డ అంబులెన్స్‌లో హైదరాబాద్‌లోని నీలోఫర్ పిల్లల ఆసుపత్రి దాకా రావాలి. పంపక తప్పకపోతే సెలైన్ ఎక్కుతుండగా, ముక్కు గొట్టం వేసి, క్లోరైడ్ ఎంతో రిఫరల్ చీటీ మీద రాసి పంపాలి.