మురికంతా మొదటి జల్లులోనే

చాలా రోజుల ఎండ తర్వాత వాన పడుతుంటే రోడ్డు పక్క కాలవను గమనించండి. మొదట పారే నీళ్లు నల్లగా, నూనె తెట్టు కట్టి ఉంటాయి. అరగంట దంచి కొట్టాక అదే కాలవలో నీళ్లు కాస్త తేటపడతాయి. ఇన్నాళ్లూ పేరుకున్న ఇంజిన్ ఆయిల్, బ్రేకుల నుంచి రాలిన రాగి పొడి, టైర్ల అరుగుదల, కుక్కల పెంట అన్నీ అప్పటికే కొట్టుకుపోయి ఉంటాయి. ఎక్కడికంటే, చాలాచోట్ల నేరుగా చెరువులోకో ఏటిలోకో. వాన కాలవకు, మురుగు శుద్ధి కేంద్రానికి సంబంధమే ఉండదు.

ఇంజినీర్లకు ఇది తెలియక కాదు. కానీ రోడ్డు మీద నీళ్లు ఎంత తొందరగా పోయాయన్నదే మన లెక్క. నా దృష్టిలో ఆ తొందరే అసలు తప్పు. నీరు ఉరికే కొద్దీ మురికిని ఊడ్చుకుపోతుంది, వాగు గట్లను కోస్తుంది, మట్టిలో ఇంకే వ్యవధి మాత్రం దానికి దొరకదు.

అమెరికాలో సియాటిల్ చుట్టుపక్కల వాగుల్లోకి సముద్రం నుంచి ఎదురీదుతూ వచ్చే కోహో సాల్మన్ చేపలు, వాన పడ్డాక గుడ్లు పెట్టకుండానే చచ్చిపోయేవి. ఏళ్ల తరబడి వెతికితే 2020లో కారణం బయటపడింది. టైర్లు పగలకుండా కలిపే 6పీపీడీ అనే రసాయనం గాలిలోని ఓజోన్ తగిలి విషంగా మారుతోంది. అంతకుముందే ఇంకో ప్రయోగం జరిగింది. చేపల్ని చంపుతున్న ఆ రోడ్డు నీటినే ఇసుక, కంపోస్టు కలిపిన మట్టిలో వడకట్టి చూస్తే చేపలు బతికాయి. విషం పేరు తెలియకముందే విరుగుడు దొరికిందన్నమాట!

100 చదరపు మీటర్ల కప్పు మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే వెయ్యి లీటర్లు. దాన్ని రోడ్డు మీదికి వదలకుండా పల్లంగా తవ్విన మొక్కల మడిలోకి మళ్లించడం పెద్ద ఖర్చేమీ కాదు. రోడ్డు నీటికైతే అంచు రాళ్ల మధ్య సందులు వదిలి, పక్కనున్న మట్టిలోకి దారివ్వాలి. అయితే ఒండ్రు తీయకపోతే ఆ మడులు పూడిపోతాయి. కంపోస్టు మోతాదు మించితే అందులోని ఫాస్ఫరస్సే చెరువులోకి దిగి నాచు పెంచుతుంది. ఇక కుంభవృష్టి కురిస్తే వరదను ఇవి ఆపలేవు, ఆపుతాయని చెప్పి అమ్మకూడదు కూడా.

చెరువులోకి ఏం కలుస్తోందో తేల్చాలంటే నమూనా కూడా మొదటి పావుగంటలోనే పట్టాలి. వాన వెలిశాక తీరిగ్గా వెళ్లి సీసా ముంచితే రిపోర్టు భేషుగ్గా వస్తుంది.