గొయ్యి ఒకరిది, బీటలు పక్కింటివి

పాత కాలనీలో ఒక ఇల్లు నేలమట్టమైందంటే వీధి వీధంతా ఉలిక్కిపడుతోంది. జేసీబీ దిగిన వారానికే పక్కింటి గోడకు బీటలు, పొంగే మ్యాన్‌హోల్, అర్ధరాత్రి కాంక్రీటు లారీల రొద. ఈ గోడు పాతదే. ఇప్పుడు ఆందోళన కలిగిస్తున్నది ఫిర్యాదుకు దొరుకుతున్న జవాబు: ‘ఆ వీధిలో అందరూ కట్టినట్టే కడుతున్నారు’. నిన్నటి అతిక్రమణే ఇవాళ్టి అతిక్రమణకు అనుమతి పత్రమైపోయింది.

ఊళ్లు పెరుగుతాయి, ఇళ్లు కావాలి, సొంత స్థలంలో కట్టుకునే హక్కు యజమానికి ఉంది. కాదనేవారు లేరు. పేచీ అంతస్తులతో కాదు, మంజూరైన ప్లానుకూ లేచిన భవనానికీ ఉన్న తేడాతో.

ముందు గొయ్యి సంగతి. పాత ఇళ్లలో చాలావాటికి రాతి కట్టడపు పునాదులే. లోతు మూడు నాలుగు అడుగులు. పక్క ప్లాటులో సరిహద్దు గోడను ఆనుకుని ఎనిమిది పదడుగులు నిలువునా తవ్వితే, ఆ రాతికి ఆసరాగా ఉన్న మట్టి గోతిలోకి జారుతుంది. పునాది అడుగు అంచు నుంచి 45 డిగ్రీల వాలులో గీత గీసి, దాని లోపలికి తవ్వకం వెళ్లిందంటే ప్రమాదమేనని ఏ సైటు ఇంజినీరుకైనా తెలుసు. అలాంటిచోట గట్టుకు ఆసరా కట్టాలి, లేదా నాలుగైదు అడుగుల ముక్కలుగా, ఒకటి విడిచి ఒకటి తవ్వి, కాంక్రీటు నింపాకే తర్వాతి ముక్కకు పోవాలి. దానికి రోజులు పడతాయి. జేసీబీని గంటల లెక్కన మాట్లాడుకున్నవాడికి అంత ఓపిక ఏది? పైగా వాన పడితే నానిన మట్టి బరువెక్కి, పట్టు వదిలేస్తుంది. గోతిలో ఊరిన నీళ్లను మోటారుతో తోడిపోస్తుంటే సన్న ఇసుక కూడా కొట్టుకొచ్చి పక్కిల్లు కుంగుతుంది. 2024 నవంబరులో గచ్చిబౌలి సిద్దిఖ్‌నగర్‌లో పక్క ప్లాటులో పునాదికి తవ్విన గోతి వల్ల ఒక బహుళ అంతస్తుల భవనం ఒరిగిపోతే, జనాన్ని ఖాళీ చేయించి కూల్చేయాల్సి వచ్చింది. ఆ తర్వాతైనా గోతుల దగ్గర భయం కనబడుతోందా?

మురుగు లెక్క మరీ తేలిక. మనిషికి రోజుకు 135 లీటర్ల నీరన్నది ప్రణాళికల్లో వాడే ప్రమాణం. అయిదుగురున్న ఇంటికి 675 లీటర్లు. అదే స్థలంలో పది ఫ్లాట్లు లేచి నలభై మంది చేరితే 5,400. ఇందులో సుమారు 80 శాతం మురుగుగా తిరిగొస్తుంది, అదీ ఉదయం రెండు మూడు గంటల్లోనే ఎక్కువ. ఎప్పుడో వేసిన ఆరంగుళాల పైపు ఒక్క భవనాన్ని మోయవచ్చు. దాన్ని చూసి ఒకదాని తర్వాత ఒకటి లేచే భవనాలను మోయలేదు. పొంగేది పల్లంలో ఉన్న పాత ఇంటి బాత్రూములో.

నిబంధనలు లేక కాదు. భవన నిర్మాణ నియమాలను నిర్దేశించే 2012 నాటి జీవో 168 ప్రకారం చిన్న ఇళ్లు మినహా నిర్మిత విస్తీర్ణంలో 10 శాతాన్ని అనుమతిచ్చే సంస్థకు తనఖా పెట్టాలి. నివాసయోగ్యతా పత్రం (ఓసీ) వచ్చాకే అది విడుదల. తెలంగాణలో భవన అనుమతుల కోసం తెచ్చిన 2020 నాటి టీఎస్ బీపాస్ చట్టం 500 చదరపు మీటర్లలోపు ప్లాటులో 10 మీటర్లలోపు ఎత్తు ఇళ్లకు స్వీయ ధ్రువీకరణతోనే అనుమతి ఇస్తోంది, మాట తప్పితే నోటీసు లేకుండా కూల్చే అధికారమూ ఇచ్చింది. ఓసీ చూశాకే కరెంటు, నీళ్లు, బ్యాంకు రుణం ఇవ్వాలని, మంజూరైన ప్లానును సైటులో ప్రదర్శించాలని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఇన్ని ఉన్నా, స్టిల్టు (స్తంభాల మీద నిలిచే పార్కింగు జాగా)పై మూడంతస్తులకు అనుమతి తీసుకుని అయిదు వేసి, ఆపై పెంట్‌హౌస్ ఎక్కించే ధైర్యం ఎక్కడిది?

రుసుము కట్టించుకుని అక్రమ కట్టడాలను మన్నించే క్రమబద్ధీకరణ నుంచి. 2007లో ఉమ్మడి రాష్ట్రం బీపీఎస్ అనే అలాంటి పథకం తెచ్చింది. 2015లో తెలంగాణ బీఆర్‌ఎస్ (భవనాల క్రమబద్ధీకరణ పథకం), అదే ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో మళ్లీ బీపీఎస్, 2019లో ఇంకోసారి. తెలంగాణ పథకం హైకోర్టులో చిక్కుకుపోయినా ‘ఎప్పుడో ఒకప్పుడు గేట్లెత్తుతారు’ అన్న నమ్మకం మాత్రం చెక్కుచెదరలేదు. అపరాధ రుసుమును బిల్డరు ఇసుక, సిమెంటు పక్కనే ఖర్చు పద్దులో రాసుకుంటున్నాడు. నిబంధన ప్రకారం ఇంటి చుట్టూ ఖాళీ జాగా (సెట్‌బ్యాక్) వదిలినవాడు వెర్రివాడిగా మిగిలాడు. ఒక వీధిలో ఇద్దరికి మన్నింపు దొరికితే మూడోవాడికి అది హక్కు.

గోడు చెప్పుకుంటున్న కాలనీవాసులకూ ఒక మాట. పక్కవాడు మీటరు జాగా వదల్లేదని వినతిపత్రం రాసేముందు, సొంత ఇంటి సెట్‌బ్యాక్‌లో వేసిన రేకుల గది, రోడ్డు మీదికి దింపిన ర్యాంపు వంక ఓసారి చూడండి. బిల్డరు లాయరు మొదట ఫొటో తీసేది వాటినే. అంతకన్నా పనికొచ్చేది, తవ్వకానికి ముందే గోడలన్నిటికీ తేదీతో ఫొటోలు తీసుకోవడం, ఉన్న బీటకు అడ్డంగా చిన్న గాజు ముక్కను ప్లాస్టరుతో అతికించడం. గోడ కదిలితే గాజు పగులుతుంది. ‘పాత బీటేనండీ’ అన్న వాదన అక్కడితో సరి.

పట్టణ ప్రణాళిక అధికారులు సిబ్బంది చాలరని మళ్లీ మళ్లీ అంటున్నారు. పునాది మార్కింగు నాడు టేపుతో సెట్‌బ్యాక్ కొలవడానికి ఎంతమంది కావాలి? స్తంభాలు పోశాక కొలిస్తే మిగిలేది నోటీసు, స్టే, ఆపై రుసుము. అనుమతి లేని అయిదో స్లాబుకు సెంట్రింగ్ కొడుతున్న చప్పుడు వీధి చివరి ఇంటికి వినిపిస్తోంది. వార్డు ఆఫీసుకు మాత్రం ఎందుకు వినిపించడం లేదో ఆ కుర్చీల్లో కూర్చున్నవారే చెప్పాలి.